‘ప్లీజ్ రిమెంబర్ మీ ఆన్ మండే’: తికమక పెట్టే ఇంగ్లీషు క్రియలు

కొత్తమెయిల్ · రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇవాళ ఆఫీసులో నా పరువు పోయింది, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

సోమవారం ఒక రిపోర్టు పంపాలి. మరిచిపోతానేమోనని మా టీమ్ లీడ్‌కి ముందే మెయిల్ పెట్టాను, ఆ రోజు ఒకసారి గుర్తుచేయండి అని. రాసింది ఇదీ: ‘ప్లీజ్ రిమెంబర్ మీ ఆన్ మండే.’ ఐదు నిమిషాల్లో జవాబు: ‘వై, వేర్ ఆర్ యూ గోయింగ్?’ కాపీలో ఉన్నవాళ్లంతా నవ్వే బొమ్మలు పెట్టారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. పక్క సీటాయన వచ్చి మెల్లగా చెప్పాడు, నేను రాసినదానికి అర్థం ‘సోమవారం నన్ను తలుచుకోండి’ అని. పోయేవాడు చెప్పే మాట.

పదేళ్లుగా ఇంగ్లీషులోనే పని. పెద్ద పెద్ద మాటలు బాగానే వస్తాయి, ఈ చిన్న క్రియల దగ్గరే బోల్తా పడతా. రిమెంబర్–రిమైండ్, సే–టెల్, లై–లే... మీరంతా ఎలా గుర్తుపెట్టుకుంటారు? దయచేసి పట్టికలు వద్దు. బోలెడు చూశాను, ఒక్కటీ బుర్రలో నిలవలేదు.

మూడో బెంచీ · రాత్రి 9:20

అన్నా, నవ్వాపుకోలేకపోయా, సారీ. నాది ఇంకా ఘోరం. ‘క్యాన్ యూ బారో మీ యువర్ ఛార్జర్?’ అని నాలుగేళ్లు అడిగాను. అందరూ ఛార్జర్ ఇచ్చారు, ఒక్కడూ సరిచేయలేదు.

పాతపలక · రాత్రి 9:41

కొత్తమెయిల్ గారూ, విచిత్రం ఏమిటంటే మీకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. గుర్తుండటం వేరు, గుర్తుచేయడం వేరు. తెలుగులో ఈ రెండిటినీ చిన్నపిల్లలు కూడా కలపరు. ‘నాకు గుర్తుంది’ అంటే రిమెంబర్, ‘నాకు గుర్తుచెయ్’ అంటే రిమైండ్. మరి ఇంగ్లీషుకు వెళ్లేసరికి ఎందుకు కలుస్తాయంటే, రెండిట్లోనూ ‘గుర్తు’ అనే ముక్క ఉంది. మన చూపు ఆ ముక్క మీదే ఆగిపోతుంది. దాని వెనకున్న తోకను చూడం. ‘ఉంది’, ‘చెయ్’ అనే తోకల్లోనే అసలు సంగతి ఉంది.

మూడో బెంచీ గారి ఛార్జర్‌దీ అదే కథ. ‘అప్పు’ అనే ముక్క దగ్గరే ఆగిపోయారు. అప్పు ఇవ్వడం లెండ్, అప్పు తీసుకోవడం బారో. ‘మీరు నాకు ఇస్తారా’ అనాలంటే ‘క్యాన్ యూ లెండ్ మీ’. ‘నేను తీసుకోవచ్చా’ అనాలంటే ‘క్యాన్ ఐ బారో’. మధ్యలో ఎవరు ఇస్తున్నారో, ఎవరు పుచ్చుకుంటున్నారో చూస్తే చాలు.

రిమెంబర్‌లో ఇంకో మెలిక ఉంది. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్’ అంటే గుర్తుపెట్టుకుని తాళం వేశాను. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే తాళం వేసినట్టు గుర్తుంది. మొదటిదాంట్లో గుర్తు ముందు, పని తర్వాత. రెండోదాంట్లో పని ముందు, గుర్తు తర్వాత. ఊరెళ్తూ సగం దారిలో ‘తాళం వేశానా?’ అని టెన్షన్ పడేవాళ్లకు కావలసింది రెండో వాక్యం.

కొత్తమెయిల్ · రాత్రి 9:48

తోక! ఇది నిలిచేలా ఉంది. తాళం ఉదాహరణ మా ఇంట్లో అందరికీ చెప్పేశా అప్పుడే.

అకర్మకం · రాత్రి 10:05

లై–లే గురించి అడిగారు కదా, అది నాకు ఇష్టమైన విషయం, కొంచెం సాగదీస్తాను.

మనకు లేచు–లేపు ఉన్నాయి. తాగు–తాపు, ఆగు–ఆపు, పెరుగు–పెంచు, పడు–పడగొట్టు, కూర్చో–కూర్చోబెట్టు. మొదటిది తనంతట తాను చేసేది, రెండోది ఇంకొకరి చేత, ఇంకొకదాని చేత చేయించేది. బడిలో అకర్మకం, సకర్మకం అని చెప్పారు, అప్పుడు నిద్రొచ్చింది. అసలు సంగతేమిటంటే ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇలాంటి జంటలే ఉండేవి. పాత ఇంగ్లీషులో ‘సిట్టన్’ అంటే కూర్చోవడం, ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. అవే ఇవాళ్టి సిట్, సెట్. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే పడగొట్టడం (చెట్లను నరికి కూల్చడానికి ఇప్పటికీ ఫెల్ అనే అంటారు). డ్రింక్ అంటే తాగడం, డ్రెంచ్ అంటే మొదట్లో తాపడం. ఇవాళ మనకు డ్రెంచ్ అంటే వానలో తడిసి ముద్దవడమే తెలుసు గానీ, పశువుల నోట్లో మందు పోయడానికి ఆ మాట ఇంకా వాడుకలో ఉంది.

లై–లే కూడా ఆ కుటుంబమే. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం, అంటే దేన్నైనా కింద పెట్టడం, పరచడం. ‘ఐ లై డౌన్’, నేను పడుకుంటా. ‘ఐ లే ద బుక్ డౌన్’, పుస్తకం కింద పెడతా. పక్కన ‘దేన్ని?’ అనే ప్రశ్నకు జవాబు ఉంటే లే, లేకపోతే లై. (మనకేమో ‘లే’ అంటే లెమ్మని. ఈ ఒక్క శబ్దం చాలు బుర్ర తిరగడానికి.)

ఇంతవరకు సులువే. చిక్కంతా భూతకాలంలో. లై, లే, లెయిన్ అని నడుస్తుంది మొదటిది. లే, లెయిడ్, లెయిడ్ అని నడుస్తుంది రెండోది. అంటే ‘నిన్న పడుకున్నాను’ అనడానికి ‘ఐ లే డౌన్ యెస్టర్డే’ అనాలి. మొదటిదాని భూతకాలమూ రెండోదాని వర్తమానమూ ఒకే ముఖం! ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్లే ఇక్కడ రోజూ జారిపడతారు, ‘ఐ లెయిడ్ డౌన్’ అంటూ. కాబట్టి మనం సిగ్గుపడక్కర్లేదు.

సుడిగాలి · రాత్రి 10:11

మరి అబద్ధం చెప్పే లై?

అకర్మకం · రాత్రి 10:14

అది వేరే ఊరి మనిషి. లై, లైడ్, లైడ్. తిన్నగా ఉంటుంది. అబద్ధానికి ఉన్నంత క్రమం పడకకు లేదు.

రైజ్–రెయిజ్ చెప్పడం మరిచాను. పెరుగు–పెంచు. ‘ప్రైసెస్ రోజ్’, ధరలు పెరిగాయి. ‘దే రెయిజ్డ్ ద ప్రైసెస్’, ధరలు పెంచారు. ‘ప్రైసెస్ రెయిజ్డ్’ అని వార్తల్లో రాస్తుంటారు కొందరు. ‘ధరలు పెంచాయి’ అన్నట్టు ఉంటుంది. ఈ జంటలో రెయిజ్ ఇంగ్లీషు సొంత మాట కాదు, స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్ నుంచి వచ్చి చేరింది. సొంత జంట ‘రియర్’. పిల్లల్నీ పశువుల్నీ పెంచడానికి మిగిలింది.

తెల్లకాగితం · రాత్రి 10:32

నేను ఒప్పుకోను. ఈ తోకలు, జంటలు అన్నీ చదవడానికి బాగున్నాయి. కానీ మాట్లాడేటప్పుడు ముందు తెలుగులో వాక్యం కట్టి, తోక చూసి, ఇంగ్లీషు వెతుక్కుంటూ కూర్చుంటే ఎదుటివాడు వెళ్లిపోతాడు. నేరుగా ఇంగ్లీషులోనే ఆలోచించాలి. వినాలి, చదవాలి, నోటికి అలవాటు చేసుకోవాలి. నేను అలాగే నేర్చుకున్నా.

పైగా తోక మోసం కూడా చేస్తుంది. ‘నాకు చెప్పాడు’ అనేదాంట్లో ‘కు’ ఉందని ‘హీ టోల్డ్ టు మీ’ అంటారు. తప్పు. టెల్ పక్కన మనిషి నేరుగా వచ్చి కూర్చుంటాడు, ‘టోల్డ్ మీ’. అదే ‘కు’ని ఎక్స్‌ప్లెయిన్ దగ్గర వదిలేస్తారు, ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అని. అక్కడేమో ‘టు మీ’ కావాలి. సజెస్ట్ కూడా అంతే. ‘ప్లీజ్ సజెస్ట్ మీ’ అని ఈ వేదికలోనే రోజుకు పది పోస్టులు వస్తాయి.

పాతపలక · రాత్రి 10:50

తెల్లకాగితం గారూ, ‘కు’ విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఏ క్రియ పక్కన ‘టు’ వస్తుందో, ఏది రానివ్వదో తెలుగు చెప్పలేదు. అది నోటికి అలవాటు కావాల్సిందే.

కానీ ఏ క్రియ కావాలో మాత్రం చాలాసార్లు తెలుగే చెబుతుంది. మీ ఉదాహరణే తీసుకోండి. మనకు అను, చెప్పు అని రెండున్నాయి. ‘వస్తానన్నాడు’, సెడ్. ‘నాకు విషయం చెప్పాడు’, టోల్డ్. అన్న మాట ముఖ్యమైతే సే, ఎవరికి చేరిందో ముఖ్యమైతే టెల్. ‘హీ సెడ్ మీ’ అని వినిపించినప్పుడల్లా నాకు ‘నన్ను అన్నాడు’ అనే వినిపిస్తుంది, అంటే తిట్టాడని! నిజం చెప్పడం, అబద్ధం చెప్పడం, కథ చెప్పడం, టైమ్ చెప్పడం, వీటికి మనిషి పక్కన లేకపోయినా టెల్ వస్తుంది. తెలుగులోనూ నిజం ‘అనం’, చెప్తాం.

మాట్లాడేటప్పుడు ఇదంతా ఆలోచించే టైమ్ ఉండదన్నది ఒప్పుకుంటా. మెయిల్‌కు మాత్రం టైమ్ ఉంటుంది. కొత్తమెయిల్ గారి సమస్య మెయిలే కదా.

నిద్రలేని నక్క · రాత్రి 11:26

పని నుంచి ఇప్పుడే వచ్చా. మీరంతా నవ్వులపాలయ్యారు, అంతే. నా తప్పుకి ఒక పూట పని ఆగింది. వినండి.

మాది సర్వర్లు చూసుకునే పని. ఒకరోజు పొద్దున్నే ఏదో తేడాగా అనిపించింది. పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు. ఒక సర్వర్ పడిపోయిందని నాకు అనుమానం. ఆ షిఫ్టులో ఉన్న విదేశీ సహోద్యోగికి చాట్‌లో పెట్టా: ‘ఐ డౌట్ దట్ ద సర్వర్ ఈజ్ డౌన్.’ అతను ‘ఓకే, గుడ్’ అని బొటనవేలు బొమ్మ పెట్టాడు. గుడ్ ఏమిట్రా, సర్వర్ పోతే గుడ్ అంటాడేంటి అనుకున్నా గానీ, చూసుకుంటున్నాడులే అని నా పని నేను చేసుకుంటూ కూర్చున్నా. మధ్యాహ్నానికి మొత్తం ఆగిపోయింది. మీటింగులో అడిగితే అతను నా మెసేజ్ తీసి చూపించాడు. ‘సర్వర్ పడిపోలేదనే నా నమ్మకం’ అని నేనే రాసిచ్చినట్టు అయింది.

ఐ డౌట్ అంటే ‘అలా అయ్యుండదు’ అనుకోవడం. ఐ సస్పెక్ట్ అంటే ‘అలాగే అయ్యుంటుంది’ అనుకోవడం. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మనకు రెండూ అనుమానమే!

కొత్తమెయిల్ · రాత్రి 11:31

అమ్మో. నేనూ ఇన్నేళ్లూ ‘ఐ డౌట్ దట్ హీ టుక్ ద ఫైల్’ అని... ఎంతమంది గురించి మంచిగా చెప్పానో ఏమో.

పాతపలక · రాత్రి 11:52

నక్క గారి కథ విన్నాక నిద్ర ఎగిరిపోయింది. దీని మీద కాసేపు కూర్చోవాలి.

‘వాడే తీశాడని నా అనుమానం.’ ఇది సస్పెక్ట్. ‘వాడు వస్తాడా అని నా అనుమానం.’ ఇది డౌట్. రెండిట్లోనూ అనుమానమే ఉంది, కానీ దాని ముందున్న ముక్క చూడండి. ఒకచోట ‘అని’, ఇంకోచోట ‘ఆ అని’. ప్రశ్న లేకుండా ‘అని’ వస్తే మనసు అటు మొగ్గినట్టు. ప్రశ్న వస్తే వెనక్కి లాగినట్టు. నక్క గారు ఆ పొద్దున అనుకున్నది ‘పడిపోయిందని అనుమానం’. ప్రశ్న లేదు. కాబట్టి సస్పెక్ట్.

ఈసారి తోక వెనక లేదు, ముందుంది. తల అనాలేమో.

సన్నజాజి · రాత్రి 11:58

పాతపలక గారూ, చిన్న సవరణ. ‘వాడు తీశాడా అని అనుమానం’ అని కూడా అంటాం కదా? అక్కడ తీయలేదని నా ఉద్దేశం కాదు. తీశాడేమోనని సగం సగం. దాన్ని డౌట్ అంటే మళ్లీ తప్పే అవుతుంది.

పాతపలక · అర్ధరాత్రి 12:06

నిజమే, తొందరపడ్డాను. జరిగిపోయినదాని మీద ‘ఆ అని’ వస్తే డౌట్ కంటే ‘ఐ వండర్ ఇఫ్’ దగ్గర. ‘ఏమోనని’ వస్తే సస్పెక్ట్ వైపే. పోనీ, ఎటూ తేలనప్పుడు ఇలా చేయండి: ‘నాకు అనుమానం’ తీసేసి ‘అయ్యుంటుంది’ గానీ ‘అయ్యుండదు’ గానీ పెట్టి చూడండి. ఏది అతుకుతుందో మీకే తెలుస్తుంది. అయ్యుంటుంది అంటే సస్పెక్ట్, అయ్యుండదు అంటే డౌట్. ఇది ఎక్కడా ఫెయిల్ కాదనుకుంటా.

అకర్మకం · అర్ధరాత్రి 12:15

ఇంకో ఊరట. స్కాట్లండ్ ఇంగ్లీషులో ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే వాన పడేలా ఉందనే! కొన్ని శతాబ్దాల కిందటి ఇంగ్లీషు పుస్తకాల్లోనూ డౌట్‌ను సస్పెక్ట్ అర్థంలో వాడారు. నక్క గారి సహోద్యోగి స్కాట్లండ్ మనిషి అయ్యుంటే సర్వర్ బతికేది.

నిద్రలేని నక్క · అర్ధరాత్రి 12:17

ఈ సంగతి ఆ మీటింగుకి ముందు తెలిసుంటే!

సన్నజాజి · ఉదయం 7:40

రాత్రంతా దీని గురించే ఆలోచించా. అనుమానం లాంటిదే ఇంకొకటి దొరికింది: ‘ఒప్పుకోలేదు’.

మా జూనియర్ అమ్మాయి ఒకసారి రాసింది, ‘ద క్లయింట్ డినైడ్ టు కమ్’ అని. నేను ‘రెఫ్యూజ్డ్ టు కమ్’ అని దిద్దాను. ఎందుకు అని అడిగితే చెప్పలేకపోయా, వినడానికి బాగోలేదు అన్నా. ఇప్పుడు అర్థమైంది. ‘రావడానికి ఒప్పుకోలేదు’ అంటే రెఫ్యూజ్. ‘తప్పు చేశానని ఒప్పుకోలేదు’ అంటే డినై. ముందు ‘డానికి’ ఉంటే పని చేయననడం. ముందు ‘అని’ ఉంటే జరిగినదాన్ని కాదనడం.

తిప్పి చూసినా అంతే. ‘రావడానికి ఒప్పుకుంది’, అగ్రీడ్. ‘తప్పేనని ఒప్పుకుంది’, అడ్మిటెడ్. మన వాళ్లు చాలామంది ‘యాక్సెప్టెడ్ టు కమ్’ అంటారు, అది నడవదు. యాక్సెప్ట్ పక్కన వస్తువో, ఆహ్వానమో, ఉద్యోగమో ఉండాలి, చేతులు చాచి పుచ్చుకునేది.

(‘డినైడ్ మీ పర్మిషన్’ లాంటివి వేరు. అక్కడ అడిగినది ఇవ్వకపోవడం.)

మూడో బెంచీ · ఉదయం 8:15

సన్నజాజక్కా, సూపర్. నేనూ ఒకటి ప్రయత్నిస్తా, తప్పైతే దిద్దండి.

విను–వినబడు. ‘నాకు ఏదో చప్పుడు వినబడింది’, హర్డ్. ‘నేను పాటలు వింటున్నా’, లిసనింగ్ టు. చెవి దానంతట అది పట్టుకుంటే హియర్, మనం చెవి పెడితే లిసన్. అలాగే కనబడటం సీ, చూడటం లుక్. ‘బడు’ అంటే మన ప్రమేయం లేదని కదా?

పాతపలక · ఉదయం 8:31

భేష్. ‘ఐ లుక్డ్ బట్ ఐ డిడ్ నాట్ సీ ఇట్’ అన్న వాక్యాన్ని తెలుగులో చెప్పి చూడండి: చూశాను గానీ కనబడలేదు. ఎంత చక్కగా కూర్చుందో! మన ‘చూశా, కనబడలేదు’ అనే రోజువారీ మాటలో ఇంగ్లీషు పాఠం మొత్తం ఉంది.

వాచ్ మాత్రం వేరు. కదిలేదాన్ని, జరుగుతున్నదాన్ని కన్నార్పకుండా చూస్తూ ఉండటం. ఆట చూడటం వాచ్, బొమ్మ చూడటం లుక్ ఎట్. సినిమా దగ్గర సీ, వాచ్ రెండూ నడుస్తాయి, పట్టించుకోకండి. డాక్టర్ని మాత్రం వాచ్ చేయకండి, సీ చేయండి.

సుడిగాలి · ఉదయం 9:02

నాకు డూ–మేక్ చెప్పండి ఎవరైనా. తెలుగులో రెండూ ‘చేయడం’. తోకా లేదు, తలా లేదు.

తెల్లకాగితం · ఉదయం 9:20

ఇదిగో, నేను చెప్పింది ఇదే! ఇక్కడ తెలుగు ఎంత పిండినా ఏమీ రాదు.

మేక్ అంటే చేశాక ఏదో ఒకటి కొత్తగా మిగులుతుంది, డూ అంటే పని చేయడమే అని చెప్తారు. మేక్ ఎ లిస్ట్, మేక్ ఎ నాయిస్, మేక్ ఎ మిస్టేక్. డూ ద హోమ్‌వర్క్, డూ ఎ ఫేవర్, డూ ద డిషెస్. సగం దూరం పనిచేస్తుంది. కానీ డూ డ్యామేజ్ అంటారు, నష్టం మిగిలే ఉంటుంది కదా? మేక్ ద బెడ్ అంటే మంచం తయారుచేయడం కాదు, దుప్పటి సర్దడం. నియమం వెతకొద్దు. జంటగా వినండి, జంటగా గుర్తుపెట్టుకోండి. ‘మిస్టేక్’ అనే మాట ఒక్కటే నేర్చుకోవద్దు, ‘మేక్ ఎ మిస్టేక్’ మొత్తం ఒక మాటలా నేర్చుకోండి.

‘డెసిషన్’ దగ్గర మాత్రం వాదించుకోకండి. మేక్ అందరూ అంటారు, టేక్ అని బ్రిటన్‌లో కూడా అంటారు.

సుడిగాలి · ఉదయం 9:24

‘గివ్ ద ఎగ్జామ్’?

తెల్లకాగితం · ఉదయం 9:29

అలా అంటే వినేవాళ్లు మిమ్మల్ని టీచర్ అనుకుంటారు. పరీక్ష పెట్టేవాళ్లు గివ్, రాసేవాళ్లు టేక్. బ్రిటన్ వైపు ‘సిట్’ అని కూడా అంటారు.

అకర్మకం · ఉదయం 10:10

డూ–మేక్‌కి తిరగేసిన కేసు కూడా ఉంది. మనకు రెండు, వాళ్లకు ఒకటి. ఆగు, ఆపు రెండూ ఇంగ్లీషులో స్టాపే. మరి వాళ్లెలా తేడా చూపిస్తారు? పక్క మాటతో. ‘హీ స్టాప్డ్ టు టాక్’ అంటే మాట్లాడటానికి ఆగాడు. ‘హీ స్టాప్డ్ టాకింగ్’ అంటే మాట్లాడటం ఆపాడు. ఒకదాంట్లో మాట మొదలైంది, ఇంకోదాంట్లో ఆగింది.

సన్నజాజి · ఉదయం 10:44

ఈ వరసలోనే హోప్–విష్ కూడా పెట్టుకోండి. జరగొచ్చు, జరగాలని ఆశ: హోప్. ‘ఐ హోప్ యూ కమ్’. జరగదని తెలిసీ ‘అయితే బాగుండు’ అనుకోవడం: విష్, ఆ వెనక క్రియ భూతకాలంలోకి వెళ్తుంది. ‘ఐ విష్ ఐ న్యూ’, నాకు తెలిస్తే బాగుండు. దాటిపోయినదానికి ‘బాగుండేది’: ‘ఐ విష్ ఐ హ్యాడ్ ఆస్క్‌డ్’, అడిగి ఉంటే బాగుండేది. బాగుండు, బాగుండేది అని మనమూ ఒక మెట్టు వెనక్కే దిగుతున్నాం చూశారా.

ఎక్స్‌పెక్ట్ జోలికి వెళ్తే జాగ్రత్త. పార్సిల్ కోసం ఎదురుచూస్తూ ‘ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్’ అని అక్కడితో ఆపేస్తే గర్భవతినని అర్థం, ఎదుటివాళ్లు కంగ్రాట్స్ చెప్తారు.

కొత్తమెయిల్ · మధ్యాహ్నం 1:05

లంచ్‌లో అన్నీ చదివా. అఫెక్ట్–ఎఫెక్ట్ ఎవరూ ముట్టుకోలేదు. మొదటిది ఎప్పుడూ క్రియ, రెండోది ఎప్పుడూ నామవాచకం, అంతేనా?

అకర్మకం · మధ్యాహ్నం 1:22

‘ఎప్పుడూ’ తీసేసి ‘దాదాపు’ పెట్టుకోండి. ఎఫెక్ట్ కూడా క్రియ అవుతుంది, అప్పుడు అర్థం మారుతుంది. ‘అఫెక్ట్ ద ప్లాన్’ అంటే ప్లాన్ మీద ప్రభావం పడటం. ‘ఎఫెక్ట్ ఎ చేంజ్’ అంటే మార్పును తీసుకురావడం, సాధించడం. నిత్యం రాసే మెయిల్స్‌లో ఈ రెండోదాని అవసరం దాదాపు రాదు. మనం ‘నా మీద ఎఫెక్ట్ అయింది’ అని తెలుగులో కలిపేసి మాట్లాడతాం కాబట్టి రాసేటప్పుడూ ఎఫెక్టే చేతికొస్తుంది.

నాకు మాత్రం ఇంతకంటే లూజ్ గొడవే పెద్దదనిపిస్తుంది. పోగొట్టుకోవడానికి ఒక ఓ, చివర జ శబ్దం: లూజ్. వదులుగా ఉన్నదానికి రెండు ఓలు, చివర స శబ్దం: లూస్. ఇంగ్లీషువాళ్ల నోట్లో రెండూ వేరువేరుగా పలుకుతాయి. మనం ఏం చేశాం? వదులుగా ఉన్నదాన్ని ‘లూజు’ అని తెలుగులోకి తెచ్చుకున్నాం. చొక్కా లూజు, స్క్రూ లూజు. దాంతో మన చెవికి రెండూ ఒకటే అయిపోయాయి. ఇక రాసేటప్పుడు ఎన్ని ఓలు పెట్టాలో చెవి చెప్పదు, కన్నే చెప్పాలి.

నిద్రలేని నక్క · మధ్యాహ్నం 2:40

చిన్నవి రెండు, మళ్లీ పనికెళ్లాలి.

రాబ్–స్టీల్: దోచేది ఇంటిని, మనిషిని, బ్యాంకును. దొంగిలించేది వస్తువును. ‘దే రాబ్డ్ మై ఫోన్’ అంటే ఫోన్ జేబులోంచి ఏదో కొట్టేసినట్టు.

ఎన్ష్యూర్, ఇన్ష్యూర్, అష్యూర్: జరిగేలా చూడటం, బీమా చేయడం, భరోసా ఇవ్వడం. ఇందులో మూడోదానికి పక్కన మనిషి కావాలి. అమెరికాలో మొదటిదానికి ఇన్ష్యూర్ అని కూడా రాస్తారు, చూసి కంగారుపడకండి.

మూడో బెంచీ · మధ్యాహ్నం 3:18

హ్యాంగ్ కూడా. బట్టలు, ఫొటోలు అయితే హంగ్. మనిషికి ఉరిశిక్ష అయితే హ్యాంగ్డ్. ఆఫీసు పార్టీ రిపోర్టులో ‘వీ హ్యాంగ్డ్ ద గెస్ట్స్ ఫొటోస్’ అని రాశా, ఫొటోస్ అనే మాట లైను చివర కిందికి జారింది. పై లైను ఒక్కటే చదివిన హెచ్‌ఆర్ ఫోన్ చేసింది.

తెల్లకాగితం · సాయంత్రం 5:50

పాతపలక గారూ, నిన్నటి మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. ఇవాళ ఒక మెయిల్‌లో ‘ఐ డౌట్’ అని టైప్ చేసి ఆగాను. అయ్యుంటుందా, అయ్యుండదా అని చూసుకుని సస్పెక్ట్‌కి మార్చా. నేరుగా ఇంగ్లీషులో ఆలోచిస్తున్నా అనుకున్నాను, లోపల తెలుగే నడుస్తోందన్నమాట. డూ–మేక్ విషయంలో మాత్రం తగ్గేది లేదు.

పాతపలక · సాయంత్రం 6:05

అక్కడ మీరు తగ్గక్కర్లేదండి, నేనే తగ్గాను.

కొత్తమెయిల్ · రాత్రి 8:30

అప్‌డేట్. ఇవాళ టీమ్ లీడ్‌కి కొత్త మెయిల్ పెట్టా: ‘ప్లీజ్ రిమైండ్ మీ ఆన్ మండే అబౌట్ ద రిపోర్ట్.’ పంపే ముందు మూడుసార్లు చదివా. ఆయన వెంటనే జవాబిచ్చారు. ఫైల్ జతచేసి, కింద ఒక లైను: ‘ప్లీజ్ డోంట్ లూజ్ దిస్ ఫైల్.’

రెండు ఓలతో.

చెప్పనా, ఊరుకోనా?

నిద్రలేని నక్క · రాత్రి 8:34

ఫైల్ వదులు చేయకుండా జాగ్రత్తగా బిగించి పెట్టుకో తమ్ముడూ.

సన్నజాజి · రాత్రి 8:36

కాపీలో ఎంతమంది ఉన్నారు?

కొత్తమెయిల్ · రాత్రి 8:37

నిన్నటివాళ్లే, పదకొండు మంది.

పాతపలక · రాత్రి 8:41

అయితే ఊరుకోండి. సోమవారం ఆయన మిమ్మల్ని రిమైండ్ చేయాల్సి ఉంది.